సుబ్బమ్మ సంచిలో పన్నెండు సబ్బులు

మణికొండ పైప్‌లైన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఎల్లేశం పాత పేపర్ల దుకాణం ఉంది. ఆ దుకాణం కాటా మీద రోజూ తూగేవి చిత్తుకాగితాలు, ఆన్‌లైన్ సామాన్లు వచ్చిన అట్టపెట్టెలు, చెడిపోయిన కీబోర్డులు. జూలైలో ఒక సోమవారం సాయంత్రం మాత్రం దాని మీదికి సుబ్బమ్మ సంచి ఎక్కింది.

ఎల్లేశం కళ్లద్దాలు సర్దుకుని అంకెలు పైకి చదివాడు. పంతొమ్మిది కిలోల నాలుగు వందలు.

“ఏందక్కా, ఆడ కాపురం పెడ్తవా? గింత సామాను ఎత్తుకొని గుట్ట ఎక్కుతవా?” అన్నాడు.

ఇస్త్రీ బండి దగ్గరున్నవాళ్లూ, కూరగాయలు బేరమాడుతున్నవాళ్లూ నవ్వారు. సుబ్బమ్మకు నవ్వు రాలేదు. ఆదివారంలోపు ఆ పంతొమ్మిది ఏడు కావాలి. ఆ ఏడు కిలోలూ వీపున వేసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఖాజాగూడ గుట్ట ఎక్కి దిగాలి. అలా అయితేనే తేజస్విని ఆమెకు కూడా టికెట్ తీస్తుంది. లేదంటే ఆ పిల్ల ఒక్కతే విమానం ఎక్కుతుంది.

సుబ్బమ్మకు నలభై ఎనిమిదేళ్లు. రాజంపేట దగ్గర పల్లె ఆమెది. ఎల్లేశం దుకాణం పక్కనే, షట్టరు సగం మాత్రమే తెరుచుకునే గదిలో కుట్టుమిషను పెట్టుకుంది. చీరలకు ఫాల్ కుట్టడం, జీన్సు పొడవు తగ్గించడం, పెళ్లయ్యాక బిగుతైన చొక్కాలు వదులు చేయడం ఆమె పని. గచ్చిబౌలి ఆఫీసుల్లో రాత్రీ పగలూ కూర్చునే పిల్లల నడుములు ఏడాదికి ఎన్ని అంగుళాలు పెరుగుతాయో ఆ సందులో ఆమెకు తెలిసినంతగా డాక్టర్లకు కూడా తెలియదు. భర్త చాలా కాలం కిందటే వేరే కాపురం పెట్టుకున్నాడు. కొడుకు యశ్వంత్ కోకాపేట టవర్లలో లిఫ్టులు బాగుచేస్తాడు.

తేజస్వినిది కూడా రాజంపేటే. ముప్పై మూడేళ్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. మార్చిలో ఆ కంపెనీ మూడు వందల మందిని ఒకే మెయిల్‌తో ఇంటికి పంపింది. పదేళ్లు పనిచేసినవాళ్లకు కనీసం పేరు పెట్టి రాయలేదు, అందరికీ ‘డియర్ కొలీగ్’ అనే. అందులో తేజస్విని ఒకతె. వారం ఏడ్చింది, ఇంకో వారం నిద్రపోయింది, మూడో వారం అట్లాసు ముందేసుకుంది. శ్రీలంక, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం. మూడు నెలలు, చవక విమానాలు, చవక హాస్టళ్లు, చేతిలో తీసుకెళ్లే ఒకే ఒక్క సంచి. తోడు వస్తానన్న స్నేహితురాలు పెళ్లిచూపులని వెనక్కి తగ్గింది. ప్యాంటుకు లోపలి జేబు కుట్టించుకోవడానికి వచ్చి ఈ కథంతా చెబుతుంటే, సుబ్బమ్మ మిషను తొక్కుతూనే అంది:

“నన్ను తోడుకోని పో పాపా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు సుబ్బమ్మ కొత్త పాస్‌పోర్టు తెచ్చి కత్తిరింపుల బల్ల మీద పెట్టింది. ఏడాది కిందట ఎవరికీ చెప్పకుండా తీయించుకుంది. ఎందుకు తీయించుకుందో అప్పుడు ఆమెకే తెలియదు. డబ్బు యాడిదని ఎవరైనా అడిగితే తన పాదాలు చూపించేది. పన్నెండేళ్లుగా మిషను తొక్కిన పాదాలు.

తేజస్విని రెండు రోజులు ఆలోచించింది. ఆమెకు నడుము నొప్పి, రెండో సంచి మోయలేదు. అందుకే సూటిగా చెప్పింది. ఎవరి సంచి వాళ్లది. ఏడు కిలోలు దాటితే ఆ విమానాల్లో తీసుకెళ్లనివ్వరు. వండిపెట్టేదీ, ఉతికిపెట్టేదీ ఏమీ ఉండదు, ఎవరి గుడ్డలు వాళ్లే ఉతుక్కోవాలి. ఆ ఆఖరి షరతు విని సుబ్బమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిషనులో నూనె పోసే వంకతో తల దించుకుంది.

సంచి ఆమే కుట్టుకుంది. ఉద్యోగాలు పోయిన పిల్లలు కోపంతో పారేసిన కంపెనీ బ్యాగులు ఎల్లేశం దగ్గర గుట్టగా పడి ఉంటాయి. వాటిలో మూడు విప్పి, మెత్తటి భుజం పట్టీలు ఒక దాని నుంచి, జిప్పులు ఇంకో దాని నుంచి తీసి, పాత రెయిన్‌కోటు గుడ్డతో ఒళ్లు కుట్టింది. ఖాళీ సంచి అరకిలో కూడా లేదు. తేజస్విని ఆన్‌లైన్‌లో కొన్నది రెండు కిలోలు. సంచి కుట్టడం దాకా అంతా బాగానే ఉంది. నింపడం దగ్గరే కష్టం వచ్చింది.

మంగళవారం నాలుగు కిలోల రాగిపిండి తీసేసింది. సంగటి లేకుండా మూడు నెలలా అని మనసు పీకింది, అయినా తీసేసింది. బుధవారం అల్యూమినియం గిన్నె, రెండు దుప్పట్లు పోయాయి. కాటా పన్నెండు కిలోల ఆరు వందల దగ్గర ఆగింది. అక్కడి నుంచి కదలనంటే కదలనంది. సందులో పందేలు మొదలయ్యాయి. పన్నెండు దాటి కిందికి రాదని ఇస్త్రీ బండి ఆయన, ఎనిమిది దాకా వస్తుందని ఎల్లేశం. ఓడినవాళ్లు అందరికీ టీ పోయించాలి.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర యశ్వంత్ కూడా ఒక మాట అన్నాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు, ప్రేమతోనే అన్నాడు. ఈ వయసులో ఊరుగాని ఊర్లలో ఊరికే తిరగడమేంటి, ఏమన్నా అయితే ఎవరు చూస్తారు అని. సుబ్బమ్మ కంచంలోంచి తలెత్తింది.

“నేను కువైటుకు పోయేటప్పుడు ఏమన్నా అయితే అని ఎవురన్నా అడిగినారా రా, ఆ పొద్దు?”

యశ్వంత్ లేచి నీళ్ల చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఊరంతా బస్టాండుకు వచ్చి సాగనంపింది. చాక్లెట్లు తెమ్మని వాడు బస్సు వెనక పరిగెత్తాడు. ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. ఆడమనిషి సముద్రం దాటి ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోమడానికి పోతే ఊరికి భయం వెయ్యదు. అదే మనిషి తన కళ్ల కోసం, తన కాళ్ల కోసం సముద్రం దాటుతానంటే అందరికీ ఆమె క్షేమం గుర్తొస్తుంది.

గురువారం మధ్యాహ్నం తేజస్విని వచ్చి, ఇక లాభం లేదని, సంచి మొత్తం బల్ల మీద గుమ్మరించింది. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగింది. రెండు లీటర్ల కొబ్బరినూనె. జ్వరం మాత్రలు ఇరవై అట్టలు. పళ్లపొడి డబ్బాలు నాలుగు. సూదులు, దారపు ఉండలు, గుండీలు, చిన్న గోనెసంచిలో ఉప్పు. వాటి కింద, వార్తాపత్రికలో చుట్టి, పురికొస కట్టి, పన్నెండు గంధం సబ్బులు.

ఇన్ని సబ్బులు ఎందుకని అడిగితే, నెలకు నాలుగు చొప్పున లెక్క వేసుకున్నానంది సుబ్బమ్మ. అక్కడ అంగళ్లు ఉండవా అని తేజస్విని నవ్వింది.

“అంగళ్లు ఉంటాయి పాపా. పోనిచ్చేదెవురు?”

ఆ మాట సుబ్బమ్మ మామూలుగానే అంది. కాజాలు కుడుతూ, పళ్లతో దారం తెంపుతూ అంది. అన్నాక ఆమె చేతులు ఆగిపోయాయి. తన నోటి నుంచి వచ్చిన మాటను తనే మళ్లీ విన్నట్టయింది.

కువైట్‌లో నాలుగేళ్లు ఒకే ఇంట్లో పనిచేసింది. విమానం దిగిన రోజే పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి పోయింది. వీధి చివర అంగడి ఉండేది, పైగదిలోంచి దాని ఎర్ర దీపం కనపడేది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ అంగడి మెట్టెక్కలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న సబ్బులు ఎనిమిది నెలలకు అయిపోయాయి. అడిగితే గిన్నెలు తోమే పొడి ఇచ్చారు. ఆ పొడితోనే ఒళ్లు రుద్దుకుంది, మోచేతులు పగిలాయి. సముద్రం పక్కనే ఉన్న ఆ దేశంలో సముద్రాన్ని రెండుసార్లు చూసింది, రెండుసార్లూ కారు అద్దంలోంచి, ఒళ్లో వాళ్ల బిడ్డను పెట్టుకుని. ఆ దేశం ఎట్లుంటుందని ఊళ్లో అడిగితే, వాళ్ల వంటగది ఎట్లుంటుందో చెప్పేది.

పదిహేనేళ్లయినా చేతులు మరిచిపోలేదు. సంచి సర్దమంటే బయట గొళ్లెం పెట్టిన ఇంటికి సర్దాయి.

తేజస్విని కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఆఫీసు తెలుగు పోయి రాజంపేట యాస వచ్చేసింది.

“అక్కా, ఈసారి పోనిచ్చేవాళ్లూ ల్యా, ఆపేవాళ్లూ ల్యా. సబ్బు అయిపోతే నువ్వే లేసి పోతావు. కొనుక్కొని వస్తావు. అంతే.”

“అంతేనా?”

“అంతే.”

సుబ్బమ్మ ఆ సబ్బుల కట్టకున్న పురికొస విప్పింది. తర్వాత ఏమైందో, నవ్వు మొదలైంది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, చివరికి బల్ల పట్టుకుని నవ్వింది. తేజస్వినికి కూడా అంటుకుంది. ఆ నవ్వుకు ఎల్లేశం దుకాణం వదిలి పరుగెత్తుకొచ్చి, ఏం పరేషానీ వచ్చిందోనని తొంగిచూస్తే, ఆమె అతని చేతిలో ఒక సబ్బు పెట్టింది. ఇస్త్రీ ఆయనకు ఒకటి. కూరగాయల ఆమెకు రెండు. చెత్తబండి తోలే ఆమెకు రెండు. మిగిలినవి పైవాటాల్లోని పిల్లలకు. మర్నాడు పొద్దున సందు సందంతా గంధం వాసన. ఆఖరి సబ్బును సుబ్బమ్మ దారంతో సగానికి కోసింది, జున్నుముక్కను కోసినట్టు. ఆ సగమే సంచిలోకి పోయింది.

ఇక ఆమెను ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఇన్నాళ్లూ భయం సర్దిన సంచిని ఇప్పుడు దర్జీ సర్దింది. వెళ్లేది ఎండా వానా ఒకేసారి ఉండే దేశాలకు. చెమట పడుతుంది, గుడ్డలు రోజూ ఉతకాలి, ఉతికింది తెల్లారేసరికి ఆరాలి. ఏ గుడ్డ ఎంతసేపట్లో ఆరుతుందో పుస్తకాల్లో వెతకాల్సిన పని ఆమెకు లేదు. కత్తిరించగా మిగిలిన పీలికలు అన్ని రకాలవీ ఏరి, తడిపి పిండి, ముసురు పట్టిన శుక్రవారం షట్టరు కింద తాడు మీద వేసింది. సుద్దముక్కతో షట్టరు మీద గంటలు రాసుకుంది. పాలియెస్టరు గంటన్నరలో ఆరింది కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే రాత్రి బస్సు వాసన. మగ్గం నూలు ఆరు గంటలైనా చెమ్మగానే ఉంది. పల్చటి వాయిలు మూడు గంటల్లో ఆరింది, మెత్తగా ఉంది, వాసన లేదు. జీన్సు పీలిక ఆదివారం దాకా నీళ్లు కారుస్తూనే ఉంది.

రెండు పాత వాయిలు చీరలు కత్తెర కింద పడ్డాయి. వదులు పైజామాలు రెండు, మోకాళ్ల దాకా వచ్చే కుర్తాలు రెండు తయారయ్యాయి. ఒంటి మీద ఒక జత, తాడు మీద ఒక జత. మూడో చీర మాత్రం చీరగానే ఉంచింది. అది పరుచుకుంటే పక్కగుడ్డ, కట్టుకుంటే హాస్టలు మంచానికి తెర, తుడుచుకుంటే తువ్వాలు, చలేస్తే దుప్పటి, కావాలంటే ఒంటికి చుట్టుకోవడానికి చీర. ఆ ఒక్కదానికే అయిదు వస్తువులు బయటికి పోయాయి. మాత్రలు రెండు అట్టలు ఉంచుకుంది. దోమల మందు గొట్టం, వానకోటు, ఒక జత చెప్పులు. ప్రతి పైజామా నడుంపట్టీలోనూ పాస్‌పోర్టు జిరాక్సు మడిచి లోపలికి కుట్టేసింది. అది చూసి తేజస్విని తన ప్యాంటుకు కూడా కుట్టమంది.

అప్పుడు సుబ్బమ్మ చూపు తేజస్విని సంచి మీద పడింది. శనివారం దాన్ని కూడా కాటా ఎక్కించింది. పదమూడు కిలోలు. ఏడు కిలోలని అందరికీ చెప్పి తిరిగిన పిల్లది. ఎల్లేశం పొట్ట పట్టుకుని నవ్వాడు. లోపల తల ఆరబెట్టే మిషను, మెడ కింద గాలిదిండు, నీళ్లు వడగట్టే సీసా, మూడు జీన్సులు, సామాన్లు విడివిడిగా సర్దుకోవడానికి ఆరు జిప్పు సంచులు.

“వట్టి సంచులే ముక్కాలు కిలో ఉండాయి గదా పాపా. సంచిలో సంచులు మోసేదానికా నువ్వు పోయేది?”

తేజస్విని సిగ్గుపడుతూ జీన్సులు తీసి ఇచ్చింది. షట్టరు మీది సుద్దరాతలు చూశాక వాదించడానికి ఆమెకు ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రం ఆమెకు కూడా వాయిలు పైజామాలు తయారయ్యాయి.

ఆదివారం పొద్దున ఆరున్నరకు సందులో జాతరలా ఉంది. సుబ్బమ్మ సంచి కాటా ఎక్కింది. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. ఆరు కిలోల మూడు వందలు. ఏడులోపు వస్తుందని పందెం కాసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఎవరు ఎవరికి టీ పోయించాలో తేలక, చివరికి ఎల్లేశమే అందరికీ పోయించాడు. “ఇగ ఫికర్ లేదక్కా, గుట్ట నీదే,” అన్నాడు.

యశ్వంత్ బండి మీద ఇద్దరినీ ఖాజాగూడ దాకా దింపలేక, తేజస్వినిని ఆటో ఎక్కించి, తల్లిని తను తీసుకెళ్లాడు. ఆ గుట్టల నిండా ఏనుగులంత నున్నటి బండలు. వాన పడి నాచు పట్టాయి. మొదటి మలుపులో సుబ్బమ్మ ఆయాసపడితే యశ్వంత్ సంచి అందుకోబోయాడు. ఆమె వాడి చెయ్యి తీసి పక్కన పెట్టింది. చెప్పులు విడిచి సంచికి కట్టుకుని, పైజామా పైకి మడిచి, చీర కట్టినంత కాలం దాచుకున్న పిక్కలు బయటపెట్టి, మిషను తొక్కిన పాదాలతో బండలు పట్టుకుని ఎక్కింది. వెనక తేజస్విని నడుము పట్టుకుని మూడుసార్లు ఆగింది.

పైకి చేరాక ఇటు చూస్తే గాజు టవర్లు, అటు చూస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద చీమల్లా కార్లు. ఆ కిటికీల వెనక కూర్చునే వందల మంది నడుముల కొలతలు ఆమె దగ్గర ఉన్నాయి. ఇంత ఎత్తు నుంచి ఈ ఊరిని చూడటం ఆమెకు ఇదే మొదలు. పన్నెండేళ్లు ఇక్కడే ఉన్నా ఈ గుట్ట ఎక్కే పని పడలేదని కొడుకుతో అంది. వాడు జేబులోంచి చిన్న నంబరు తాళం తీసి ఆమె సంచి జిప్పుకు తగిలించాడు. నంబరు ఏం పెట్టాలని అడిగాడు. ఆమె తన పుట్టిన సంవత్సరం చెప్పింది. తేజస్విని అక్కడే బండ మీద కూర్చుని, ఫోనులో రెండు టికెట్లు తీసింది.

ఆగస్టు రెండో వారం శంషాబాద్‌లో, పాస్‌పోర్టు చూసే అధికారి సుబ్బమ్మను పనికి పోతున్నావా అని అడిగాడు. అడగడం ఆయన డ్యూటీ. ఈ ప్రశ్నకు పంతొమ్మిదేళ్ల కిందట ఏజెంటు ఆమెతో ఒక జవాబు వందసార్లు చెప్పించి బట్టీ పట్టించాడు, చుట్టాలను చూడ్డానికి అని. అప్పుడు ఆ అబద్ధం చెప్పే విమానం ఎక్కింది.

“చూడ్డానికి పోతాండా సార్,” అంది ఇప్పుడు.

ఎవరిని చూడడానికి అన్నాడు.

“ఎవుర్నీ కాదు. ఊర్లు.”

తిరుగు టికెట్ చూశాడు. ఆమె వీపున ఉన్న సంచి చూసి, లగేజీ అంతేనా అన్నాడు. అంతేనంది. ఆయన ముద్ర వేసి పాస్‌పోర్టు ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె దాన్ని కుర్తా లోపలి జేబులో పెట్టుకుని, పైన గుండీ పెట్టుకుంది. ఆ గుండీ తనే కుట్టింది.

పన్నెండో రోజుకు వాళ్లు శ్రీలంకలో, ట్రింకోమలీలో ఉన్నారు. సముద్రానికి దగ్గర్లో చిన్న బస. బస నడిపే ఆవిడ సుబ్బమ్మ పాస్‌పోర్టు తీసుకుని, నంబరు రాసుకుని, అప్పుడే తిరిగి ఇచ్చేసింది. ఆ పొద్దున స్నానాల గదిలో సగం సబ్బు కాస్తా గోరంత ముక్కయి చేతిలోంచి జారి కాలవలోకి పోయింది. సుబ్బమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. మధ్యాహ్నం తేజస్విని నిద్రపోతుంటే పైజామా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది.

అంగడి నాలుగు ఇళ్ల అవతలే ఉంది. అందులో రకరకాల సబ్బులున్నాయి. అంగడామె తమిళంలో ఏదో అడిగితే, తిరుపతికి వెళ్లివస్తూ నేర్చుకున్న నాలుగు తమిళ ముక్కలతో జవాబిచ్చింది. ఒక్కో సబ్బూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వేప వాసనది, పసుపుది, ఏదో పూలది. తొందర లేదు. అంగడామె కూడా తొందర పెట్టలేదు. పైగా పూల సబ్బు మంచిదని తన మోచెయ్యి వాసన చూపించింది. సుబ్బమ్మ అదే తీసుకుంది, ఒక్కటే.

తిరిగి వచ్చేటప్పుడు బస సందు వచ్చింది. దాన్ని చూసింది, చూసి ముందుకే నడిచింది. సముద్రం దాకా నడిచింది. మధ్యలో అద్దం లేదు. పైజామా మోకాళ్లపైకి మడుచుకుని నీళ్లలో నిలబడింది. అల వచ్చి మడత కూడా తడిపేసింది. వాయిలే కదా, మూడు గంటల్లో ఆరుతుంది. ఇసుకలో కూర్చుని సబ్బు వాసన చూసుకుంది. చేపలు అమ్మే ఒకామెతో చేతులతోనే మాట్లాడింది. యశ్వంత్‌కు ఫోనులో సముద్రం మోత పట్టి పంపింది, మాటలేమీ కలపకుండా.

తిరిగి గది చేరేసరికి పొద్దు వాలుతోంది. తేజస్విని జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. నిద్రలేచి రెండు గంటలైందట.

“యాడికి పోయినావక్కా, ఇంతసేపు?”

సుబ్బమ్మ పైజామా అంచుల్లోంచి ఉప్పునీళ్లు గచ్చు మీద కారుతున్నాయి. ఆమె సబ్బు ఎత్తి చూపించింది.

“సబ్బుకు పోయింటి.”